పిలుపు ఎప్పుడు? ‘వర్టియో’ వ్యాసంపై విమర్శ

మధురవాడ కొండలపై కంప్యూటరు సంస్థలు వెలసిన ఈ రోజులలో, ఒకే యంత్రంలో అనేక కల్పిత యంత్రాలు నడుస్తాయని మన విద్యార్థులు వినే ఉంటారు. అటువంటి కల్పిత యంత్రంలోని డ్రైవరు అసలు యంత్రంతో ఎట్లా వ్యవహరించాలో రస్టీ రసెల్ 2008లో ‘వర్టియో’ వ్యాసంలో వివరించారు.

తరగతి నాయకుడు నోటుపుస్తకాలను బల్లమీద పెట్టి, పక్కగదిలోని మాస్టారును పిలుస్తాడనుకొందాం. బల్ల అంటే ఇద్దరికీ ఉమ్మడియైన మెమరీ, పుస్తకాలు బఫర్లు, పిలుపు ‘కిక్’. పిలిచినప్పుడు ప్రాసెసరు సాధారణంగా కల్పిత యంత్రం పని ఆపి, అసలు యంత్రం వైపు మరలవలసి వస్తుంది. ఖర్చంతా అక్కడనే ఉన్నది. అందుచేత రసెల్ పెట్టడాన్ని, పిలవడాన్ని వేరుచేశారు. 40 పుస్తకాలు పెట్టి ఒక్కసారే పిలవవచ్చు. మాస్టారు దిద్దుతూనే ఉంటే, ‘పిలవవద్దు’ అనే గుర్తు కూడా పెట్టవచ్చు. ఈ విభజనే వ్యాసానికి ప్రాణం.

అయితే లోపం లేకపోలేదు. ఎప్పుడు పిలవాలనే నిర్ణయం డ్రైవరుకే విడిచిపెట్టబడింది. తొందరపడి పిలిస్తే ఖర్చు పెరుగుతుంది. మరికొన్ని వస్తాయని ఆగితే, ఒంటరి పుస్తకం బల్లమీదనే పడి ఉంటుంది. రాబోయేది డ్రైవరుకు తెలియదు కదా! 2014లో లినక్స్ కెర్నెల్‌లోని నెట్‌వర్కు విభాగం ‘ఇంకా ఉన్నవి’ అని డ్రైవరుకు ముందే తెలిపే ఏర్పాటు చేసింది. వర్టియో నెట్‌వర్కు డ్రైవరు దానిని వాడుకొన్నది.

పద్ధతి మేలైనదే. కాని రానున్నది ఎరిగినవారు చెప్పినప్పుడే అది పూర్తిగా ఫలిస్తుంది. ఉపాధ్యాయులు ఈ వ్యాసాన్ని బోధించేటప్పుడు ఈ రెండవ సంగతిని కూడా జోడించాలి.