మేనమామల ఊరి బెల్లం

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో శ్రీరామనవమి నాడు మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి రాముడు రెండుచోట్ల ఉంటాడు. హిందీవాళ్ల గుడిలో అప్పుడే పుట్టి ఉయ్యాల ఊగుతుంటాడు. మన పందిట్లో సీతమ్మ నెత్తిన జీలకర్ర, బెల్లం పెడుతుంటాడు. "పుట్టినరోజున పెళ్లేమిటండీ?" అని పక్క క్వార్టర్‌వాళ్లు ఏటా అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. వాళ్ల వైపు సీతారాముల పెళ్లి మార్గశిర శుద్ధ పంచమికి చేస్తారు. భద్రాచలం ఆనవాయితీ అని చెప్పి, గ్లాసుడు పానకం చేతికిస్తే ఆ ఏటికి వాదన ముగుస్తుంది.

పానకానిదేముంది, బెల్లం నీళ్లేగా అనేవాళ్లున్నారు. వాళ్లు కలిపింది తాగితే నిజంగా బెల్లం నీళ్లే. తొందరపడి పొయ్యి మీద కరిగిస్తే పాకం వాసన పట్టేస్తుంది. పొడిగొట్టి చన్నీళ్లలో వేసి, దానంతటది కరిగేదాకా ఓపిక పట్టాలి. తర్వాత పల్చటి గుడ్డలో వడకట్టాలి. మిరియాలు మెత్తగా పొడి చేస్తే ఘాటు ఒక్కసారిగా గొంతు పట్టుకుంటుంది. కచ్చాపచ్చాగా దంచితే తీపి దిగాక నెమ్మదిగా తెలుస్తుంది. చిటికెడు శొంఠి, ధారాళంగా ఏలకులు. పచ్చకర్పూరం ఆవగింజంత దాటిందా, అది తీర్థమే తప్ప పానకం కాదు. చల్లదనానికి కుండ చాలు. ఐసు ముక్కలు వేసేవాళ్లతో నాకు ఆ రోజుకి మాటల్లేవు.

అసలు తగువు బెల్లం దగ్గరే. మనం ఇక్కడికి రైలు పట్టాల వెంట వచ్చినవాళ్లం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ దాకా లైను వేసింది 1891లో. 1931లో రాయ్‌పూర్–విజయనగరం లైను పూర్తయ్యాక ఉత్తరాంధ్రకు దారి దగ్గరైంది. ఇప్పటికీ కోర్బా–విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో ఊరెళ్లొచ్చేవాళ్ల సంచిలో అనకాపల్లి దిమ్మ ఉండాల్సిందే. పానకానికి అది తప్ప పనికిరాదని కాలనీ పెద్దల పట్టు. నేను మాత్రం కవర్ధా బెల్లమే వాడతాను. ఇక్కడికి పడమరన చెరకు పండే సీమ అది. మా కొట్లో దొరికేది కాస్త ముదురు రంగులో ఉంటుంది, నాలుగు మిరియాలు ఎక్కువ పడతాయి, అంతే.

నా పట్టుకీ ఓ లెక్కుంది. కౌసల్య పుట్టిల్లు ఈ నేలేనని ఇక్కడివాళ్ల నమ్మకం. రాయ్‌పూర్ దగ్గర చంద్‌ఖురిలో చెరువు మధ్య ఆమెకు గుడి ఉంది. ఆ వరసన ఛత్తీస్‌గఢ్ మొత్తానికీ రాముడు మేనల్లుడు. ఇక్కడ మేనల్లుడు ఎంత చిన్నవాడైనా మామే వంగి కాళ్లకు మొక్కుతాడు. మన ఇళ్లలో మేనల్లుడి కాళ్లు ముట్టుకునేది పిల్లనిచ్చి కడిగేటప్పుడే! అలాంటి మేనమామల ఊళ్లో పెళ్లి చేస్తూ, బెల్లం మాత్రం విశాఖ రైల్లో దింపుకోవడం ఏం మర్యాదండీ? పెద్దలు ఇంకా ఒప్పుకోలేదు. అందుకని మా పందిట్లో రెండు బిందెలు పెడతాం.

రెండూ ఖాళీ అవుతాయి. చైత్ర నవరాత్రులు కూడా ఆ రోజుతోనే ముగుస్తాయి కదా, రతన్‌పూర్ మహామాయ దర్శనం చేసుకుని ఎండలో తిరిగొచ్చేవాళ్లు ఇటే ఆగుతారు. ఉపవాసం విడవనివాళ్లు వడపప్పు ముట్టరు, పానకానికి వాళ్లకు అడ్డు లేదు. ఈ ఏడు పెసరపప్పు కాస్త తగ్గించి నానబోయాలి.