విత్తనం వెనక చెయ్యి

విత్తన వ్యాప్తి పాఠం చెప్పే వారం మా తరగతి గోడకు ఒక చార్టు తగిలిస్తాను. అందులో నాలుగు గళ్లు: గాలి, నీరు, జంతువులు, కాయ పగిలి చిందడం. కిందటి సంక్రాంతి సెలవులకు ముందు, మా యానాది కాలనీ నుంచి వచ్చే పిల్లవాడొకడు జేబులోంచి నాలుగు వరి వెన్నులు తీసి నా బల్ల మీద పెట్టాడు. వాళ్ల తాత గట్టు మీద ఎలుక బొరియ తవ్వితే లోపల అరలో దొరికినవట. "ఇవి ఏ గడిలోకి వస్తాయి సార్?" అన్నాడు. జంతువుల గడిలోకి అన్నాను. "మరి తాత బయటికి తీశాడు గదా. ఇంటికి తెచ్చేటప్పుడు దారిలో కొన్ని రాలాయి గదా. అది ఏ గడి?" నేను ఏదో సర్దిచెప్పాను. అంతలో గంట కొట్టారు, బతికిపోయాను.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నేను వృక్షశాస్త్రం చదివినవాణ్ని కాను, టీచర్ ట్రైనింగ్ డిప్లొమా నా చదువు. అయినా మన కోస్తా మొక్కల మీద, అడవుల మీద వచ్చిన రాతలు దొరికినంతవరకు తెచ్చుకుని చదివాను. పాఠం దగ్గర మొదలుపెట్టి ఆ రాతల గురించే ఇక్కడ నాకు తోచింది చెబుతాను.

ముందు పాఠం సంగతి. అది చెడ్డ పాఠమేమీ కాదు. జిల్లేడు దూది, కొబ్బరికాయ, కాలికి గుచ్చుకునే పల్లేరు, లుంగీకి అంటుకునే ఉత్తరేణి, అన్నీ పిల్లలు చూసినవే. నందివెలుగులో అడవి లేకపోయినా తాటిచెట్టు నెత్తిన మొలిచిన మర్రిని చూపిస్తే పిట్టల గడి అర్థమైపోతుంది. ఓసారి సూర్యలంక తీసుకెళితే రావణాసురుడి మీసాలు ఇసుక మీద గాలికి గుండ్రంగా దొర్లుకుంటూ పోవడం చూసి పిల్లలు వాటి వెంట పరిగెత్తారు. అంతవరకు బాగుంది. మనిషి దగ్గరికొచ్చేసరికి మాత్రం పాఠం ఒక్క వాక్యంతో ఊరుకుంటుంది. పండు తిని గింజ పారేస్తాడు, అంతే. మనిషి చేసే పని అంత చిన్నదా?

మా డెల్టాలో ఏ రైతునైనా అడగండి. వరి కోతకు కొద్దిరోజుల ముందు పదును మీద మినుము చల్లుతారు. ఆ మినుములో బంగారు తీగ పడితే చేను పోయినట్టే. ఆకు లేదు, మట్టిలో వేరు ఉండదు, పసుప్పచ్చ దారంలా మినుము మొక్కను చుట్టుకుని దాని రసం తాగి బతుకుతుంది. దాని గింజ మట్టిలో ఏళ్ల తరబడి చావకుండా ఉంటుంది. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి అది ఎక్కువగా ఎట్లా పోతోంది? మినుము విత్తనంలో కలిసి, గోతాల్లో, ట్రాక్టరు మీద. పిట్ట లేదు, గాలి లేదు. ఈ ప్రాంతంలో ఏటా ఇంత నష్టం చేసే విత్తన ప్రయాణం ఇదైతే, అది మా చార్టులో లేదు.

ఇంకా పెద్దది సర్కారు తుమ్మ. పేరులోనే కథ ఉంది. 1870ల చివర్లో జమైకా నుంచి గింజలు తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటించింది ఆనాటి ప్రభుత్వం. వంటచెరకు కోసం, బీడు నేలల కోసం మంచి ఉద్దేశంతోనే చేశారు. ఆ తర్వాత మేకలు, పశువులు తియ్యటి కాయలు తిని పేడలో గింజలు వేసుకుంటూ పోయాయి. ఇప్పుడు చెరువు గట్లూ, కాలవ గట్లూ, తీరం వెంట బీళ్లూ అదే. పుస్తకాల్లో దీన్ని 'దురాక్రమణ మొక్క' అంటారు, వ్యాప్తి కారకం దగ్గర పశువుల పేరు రాస్తారు. సముద్రం దాటించిన చేతి గురించి 'ప్రవేశపెట్టబడింది' అని ఒక మాట. ఎవరు ప్రవేశపెట్టారో ఆ క్రియాపదం చెప్పదు. ఇవాళ ఆ తుమ్మ కొట్టి బొగ్గు కాల్చి బతికే వాళ్లలో మన యానాదులు ఎందరో ఉన్నారు. తెచ్చినవాడు అధికారి, మోసినది మేక, నరికి పొగ మింగేది మనం. ఈ మూడూ ఒకే పాఠంలో ఉంటే పిల్లలకు విత్తనం ఎంత దూరం పోతుందో తెలుస్తుంది.

ఇక అడవుల మీద పరిశోధన. మన తూర్పు తీరంలో ఒక ప్రత్యేకమైన అడవి ఉంది. వానలు తక్కువ, ఎండాకాలం పొడుగు, అయినా ఆకు పూర్తిగా రాల్చదు. పాల, నేరేడు, అల్లి, కలివి, బలుసు వంటివి ఒత్తుగా, పొట్టిగా పెరుగుతాయి. ఛాంపియన్ 1936లో భారతదేశపు అడవులను తరగతులుగా విభజించాడు. సేఠ్‌తో కలిసి 1968లో ఆ విభజనను సవరించాడు. అందులో దీన్ని ఉష్ణమండల పొడి సతతహరిత అడవి అన్నారు. మన రాష్ట్రంలో అది బాగా మిగిలిన చోటు శ్రీహరికోట. తమిళనాడు, పుదుచ్చేరి వైపు ఇది ఎక్కువగా గుడి వనాల్లో ముక్కలు ముక్కలుగా ఉంది. పుదుచ్చేరి విశ్వవిద్యాలయంలో ఎన్. పార్థసారథి, ఆయన విద్యార్థులు ఆ ముక్కల్లో హెక్టారు చొప్పున గళ్లు గీసి, ఒక్కో చెట్టు చుట్టుకొలత తీసి లెక్క రాశారు. ఏ చెట్టు ఎప్పుడు పూస్తుంది, ఎప్పుడు పండుతుంది, గింజను ఎవరు మోస్తారు అనేది నెలనెలా చూశారు. 2006లో సెల్విన్‌తో కలిసి ఆయన అచ్చు వేసిన వ్యాసంలో తేలిందేమిటంటే, ఈ అడవిలో గాలికంటే జంతువులు మోసే గింజలే ఎక్కువ. కండగల పండ్లు ఎక్కువ కాబట్టి పిట్టలు, గబ్బిలాలు, ఇతర జంతువులు లేకపోతే ఆ అడవి తన్ను తాను తిరిగి నాటుకోలేదు.

ఈ పని విలువైనదని నేను గట్టిగా చెబుతాను. మన యువకులు కొందరు ఇలాంటివి చూసి, "ఇదంతా మన తాతలకు తెలిసిందే" అని పక్కన పెట్టేస్తారు. అది తప్పు. పాల పండు పిట్ట తింటుందని తాతకు తెలుసు. హెక్టారుకు ఎన్ని పాల చెట్లు, వాటి కింద మొలకలు ఎన్ని అనేది తాత లెక్కపెట్టలేదు. తల్లి చెట్టు కింద పడిన గింజలను పురుగులు, తెగుళ్లు ఎక్కువగా తింటాయి కాబట్టి దూరం పోయిన గింజకే బతుకు ఎక్కువని 1970లో జాన్‌జెన్, 1971లో కానెల్ వేరువేరుగా ప్రతిపాదించారు. అది నిజమో కాదో తేల్చాలంటే నేల మీద కూర్చుని మొలకలు లెక్కపెట్టాల్సిందే.

నా అభ్యంతరం ఒక మాట మీద. ఈ రకం వ్యాసాల్లో మనిషి ఎక్కడ కనబడతాడంటే 'అలజడి' అనే శీర్షిక కింద. కట్టెలు కొట్టడం, పశువులు మేపడం, పండ్లు ఏరుకోవడం, గుడికి వచ్చిపోవడం, అన్నీ అక్కడే. పునుగుపిల్లి పాల పండు తిని గింజ వేస్తే 'వ్యాప్తి'. యానాది పిల్ల అదే పండు తిని, గింజ బాట పక్కన ఊసేస్తే 'అలజడి'. అటవీశాఖ సరుగుడు మొక్కలు తెచ్చి నాటితే 'ప్రవేశపెట్టడం'. ఒకే గింజ, ఒకే నేల. చెయ్యి ఎవరిదో చూసి మాట మారుతోంది. శాస్త్రం అలా మారకూడదు.

ఇది మాటల పట్టింపు అనుకునేవాళ్లు శ్రీహరికోట చూడాలి. 19వ శతాబ్దంలో ఆ దీవి అడవి ఫలసాయం ఏరింది యానాదులే. ప్రభుత్వం వాళ్ల చేత ఏరించుకుని, బదులు తిండిగింజలు ఇచ్చేది. 1909లో అచ్చయిన థర్‌స్టన్ సంపుటాల్లో యానాదుల అధ్యాయం తీస్తే మనం తిన్నవి, ఏరినవి చాలా కనిపిస్తాయి. అంటే కొన్ని తరాల పాటు పండ్లు, గింజలు, దుంపలు మన చేతుల మీదుగా ఆ దీవిలో కదిలాయి. 1969లో రాకెట్ కేంద్రానికి దీవిని ఎంపిక చేశారు, 1971 అక్టోబరులో మొదటి రాకెట్ లేచింది, దీవి ఊళ్లు ఖాళీ అయ్యాయి. కాపలా వల్ల అడవి నిలిచింది, కాదనను. మనుషులు వెళ్లిపోయారు కాబట్టే నిలిచిందని తేల్చేస్తే మాత్రం ఒప్పుకోను. మనుషులు అక్కడ తిరిగినంతకాలం కూడా అది అడవిగానే ఉంది గదా. 'అలజడి' అని రాసిన కాగితం తర్వాత ఎక్కడికి పోతుందో, ఎవరిని అడవి దాటించడానికి పనికొస్తుందో మన చెంచు అన్నదమ్ములను అడిగినా చెబుతారు.

పేర్ల దగ్గరా ఇదే తీరు. సామర్లకోటలో ఉండి మన మొక్కలను చూసిన రాక్స్‌బర్గ్ 1795 నుంచి వెలువడిన కోరమాండల్ తీరపు మొక్కల సంపుటాల్లో తెలుగు పేర్లు శ్రద్ధగా రాసుకున్నాడు. మన సోమిద చెట్టు ఇవాళ ప్రపంచమంతటా సొయ్మిడా అనే ప్రజాతి పేరుతో ఉందంటే దానికి మూలం ఆయన రాతే. అందుకు ఆయనకు దణ్ణం. పేరు నిలిచింది. ఆ పేరు చెప్పిన నోళ్లు ఎవరివో ఎక్కువచోట్ల రాయలేదు.

అయితే మనుషులను లెక్కలోకి తీసుకోవడం సాధ్యం కాదా అంటే, అయిందనడానికి దగ్గరలోనే ఉదాహరణ ఉంది. రేపల్లె, నిజాంపట్నం వైపు మడ అడవి చూసినవాళ్లకు తెలుసు, ఉప్పు పొన్న గింజ చెట్టు మీదే మొలకెత్తి, పొడుగాటి కాయలా వేలాడి, రాలి, పోటు నీళ్లలో తేలి పోతుంది. నరికేసిన చోట నేల కుంగి, నీళ్లు నిలిచి, ఎండి, ఉప్పు పేరుకుంటే ఎన్ని మొలకలు కొట్టుకొచ్చినా బతకవు. 1990ల చివర స్వామినాథన్ పరిశోధన సంస్థ వాళ్లు కృష్ణా, గోదావరి మడల్లో స్థానికులతో కాలవలు తవ్వించి పోటు నీరు లోపలికి వచ్చి పోయేటట్టు చేశాక మడ మళ్లీ లేచింది. అక్కడ తవ్వినవాళ్లు పరిశోధన పద్ధతిలో భాగం. వాళ్లను 'అలజడి' కింద ఎవరూ రాయలేదు.

బయటి దేశాల్లోనూ చూపు మారుతోంది. 2017లో 'సైన్స్' పత్రికలో కరోలినా లెవిస్ బృందం అమెజాన్ అడవి మీద ఒక వ్యాసం వేసింది. యూరోపియన్లు రాకముందు అక్కడి ఆదివాసులు పెంచుకున్న, మచ్చిక చేసుకున్న జాతుల చెట్లు ఆ అడవిలో ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువగా ఉన్నాయనీ, పాత జనావాసాల దగ్గర మరీ ఎక్కువనీ చూపింది. మనిషి కాలు పడని అడవి అని లోకం అనుకున్నది కొంత మనిషి నాటినదే. అందుకు వాళ్లు చేసింది ఏమిటి? చెట్ల లెక్కను, పాత ఊళ్ల ఆనవాళ్లను పక్కపక్కన పెట్టి చూశారు. శ్రీహరికోటలో పాత యానాది గుడిసెల చోట్లు, పాల చెట్ల లెక్క పక్కపక్కన పెట్టి చూసే పిల్ల మన ఇళ్ల నుంచి రావాలని నా ఆశ.

అది రావాలంటే మన రాతలూ మారాలి. ఇలాంటి పుస్తకాల్లో మనం రాసే వ్యాసాలు ఎక్కువగా రెండు రకాలు. ఫలానా ఆకు ఫలానా రోగానికి అనే జాబితా ఒకటి, మనం ప్రకృతి బిడ్డలం అనే పొగడ్త ఇంకొకటి. నేనూ రాశాను, కాబట్టి చెప్పే హక్కు ఉంది. రెండింట్లోనూ తేదీ ఉండదు, చోటు ఉండదు, ఎవరు చెప్పారో ఉండదు. రాక్స్‌బర్గ్‌ను తప్పు పట్టి మనమూ అదే చేస్తున్నాం.

సెలవుల తర్వాత మా తరగతి చార్టుకు అయిదో గడి కలిపాం: మనిషి. బంగారు తీగ, సర్కారు తుమ్మ, ఎలుక బొరియ అందులో రాశారు పిల్లలు. తనిఖీకి వచ్చిన ఒకాయన చూసి, పరీక్షలో నాలుగే రాయించండి అన్నారు. పరీక్షలో నాలుగే రాయించాను. చార్టు తియ్యలేదు.

వెన్నులు తెచ్చిన పిల్లవాడి తాత దగ్గరికి ఒక సాయంత్రం నోటుపుస్తకం పట్టుకుని పోయాం. ఎలుక బొరియలో వెన్నులు దాస్తుందని పిల్లలు రాసుకున్నది చదివి వినిపించాను. ఆయన బుట్టలు సర్దుకుంటూ తలెత్తకుండానే అన్నాడు: "అదంతా చేత్తో కోసి, పనలేసి, కుప్పేసిన రోజుల్లో మాట అయ్యా. ఇప్పుడు మిషను కోస్తంది. గట్టు వార మిషను అందని నాలుగు దుబ్బులుంటేనే వెన్ను. మిగతా చోట వట్టి గింజే. గింజలు రాలి మడంతా మళ్లా మొలుస్తంది, మినుములో వరి. అది ఎవురు చల్లినట్టు?" పిల్లలు నా ముఖం చూశారు. మిషను ఏ గడిలోకి వస్తుందో ఈ ఏడాది కోతలప్పుడు చేలోకి పోయి చూడాలి.