మన తూటా మనకే తగిలితే
హెల్‌డైవర్స్ 2 (2024)లో గ్రహాంతర పురుగులు గుంపులుగా మీద పడతాయి. నాకు మాత్రం పక్కనున్న స్నేహితుడి తుపాకీ అంటేనే ఎక్కువ భయం. స్టాక్‌హోమ్ స్టూడియో ఆరోహెడ్ కావాలనే మనవాళ్ల తూటా మనకీ తగిలేలా పెట్టింది. చచ్చినవాణ్ణి మళ్లీ దింపే అవకాశాలు కూడా జట్టంతటికీ కలిపి ఒకటే లెక్క. ఒకడు తొందరపడితే నష్టం నలుగురిదీ. అందుకే ఏలూరులో నేను, తాడేపల్లిగూడెంలో మావాడు "ఒరేయ్, వంగు!" అని అరుచుకోక తప్పదు. ఇక్కడ అసలు ఆయుధం మాటే.

లోటల్లా మోత. అదే ఊరి టెన్ ఛాంబర్స్ వాళ్ల జీటీఎఫ్ఓలో నిద్రపోయే శత్రువుల మధ్య చప్పుడు కాకుండా నడవాలి. ఉత్కంఠ కాల్చకముందే మొదలవుతుంది.

కొల్లేట్లో కిక్కిస పొద కదిలితే లోపలున్నది పిట్టో మనిషో వెంటనే తెలీదు. ఆ సందేహాన్ని ఆటలో పెట్టండి. కాల్చాలా వద్దా అని నలుగురూ గుసగుసగా తేల్చుకోవాలి. దానికి వంద పురుగులక్కర్లేదు, ఒక్కటి చాలు.