కార్డు మీద కథ

పోస్టుకార్డు మీద పట్టే కథను మన పత్రికలు ‘కార్డు కథ’ అన్నాయి. పెద్ద కథను కత్తిరిస్తే అది రాదు. ఏది చెప్పకుండా వదలాలో తెలిసిన చెయ్యి కావాలి. డుంబ్రిగుడ కొండల్లో రైతొకడు కాఫీ గింజలు షావుకారుకి అమ్మేసి, దారిలో టీ తాగి ఇంటికెళ్లాడనుకోండి. కొండవాలు, సిల్వరోక్ చెట్ల నీడ, చెట్టుకు పాకిన మిరియాల తీగ, చలికాలపు కోతలు ఇవేవీ చెప్పక్కర్లేదు, ఆ టీ గ్లాసు చాలు. మరి అతని అప్పులు, ఇల్లాలు, మనసు ఏమైనట్టు అని అడగొచ్చు. నిజమే, బతుకంతా కావాలంటే నవలే దిక్కు. కానీ విజయనగరం కథకుడు చాసో కొద్ది పేజీల్లోనే మనుషుల్ని నిలబెట్టారు కదా! కొసమెరుపు కోసం పాకులాడే చిట్టికథలు మాత్రం రెండోసారికే చప్పబడతాయి. టీ గ్లాసుకు ఆ బెడద లేదు. ఆ రైతు తన కాఫీ ఎప్పుడైనా రుచి చూశాడా అన్న అనుమానం రెండోసారి చదివినప్పుడే వస్తుంది.