కుదుపెరుగని కదలిక

రామోజీ ఫిల్మ్ సిటీ గల మండలములోనే, పండ్ల లారీలతో సందడించు బాటసింగారమున, పెండ్లి వీడియోలు తీయు ఒక యువకుడు అల్యూమినియము పట్టాలపై కెమెరాను తనంత తాను నడిపించు మోటారు స్లైడరును స్వహస్తములతో నిర్మించుకొనుట చూచి, నాకు కలిగిన గౌరవము సామాన్యమైనది కాదు. కోఠి గుజరాతీ గల్లీలో కొనితెచ్చిన స్టెప్పర్ మోటారు ఒక చుట్టును 200 అంచెలుగా తిరుగును. పళ్ల మధ్య 2 మిల్లీమీటర్ల యెడము గల బెల్టును 20 పళ్ల పుల్లీకి తగిలింపగా, చుట్టుకు సరిగా 40 మిల్లీమీటర్లు కెమెరాను మోయు బండి జరుగును. మోటారును నడుపు డ్రైవరు సర్క్యూటు ప్రతి అంచెను 16 భాగములు చేయుటచే ఒక్క మిల్లీమీటరు 80 సూక్ష్మపదముల ప్రయాణమగును.

అయినను అసలు విద్య దోషనిర్ణయముననే కలదు. మోటారు తిరుగక గజగజ వణకెనా, తీగెల జతలు తారుమారైనవని ఆ యువకుడు శంకించి, విద్యుత్తు తొలగించి, మోటారు తీగెలను విడదీసి, రెండేసి కొసలు కలిపి ఇరుసును వ్రేళ్లతో త్రిప్పును. బిగువు తోచినచో జత దొరకినట్లే. బండి ఆగి ఆగి సాగెనా, పుల్లీ మర వదులైనదో, బెల్టు సడలెనో, చక్రములు పట్టాను మిక్కిలి ఒరయుచున్నవో, డ్రైవరుపై చిన్న మరను వెంట్రుకవాసి త్రిప్పి కరెంటు పెంచవలెనో, నాడి చూచు వైద్యునివలె ఒక్కొక్కటే పరీక్షించునే గాని ఒకేసారి రెండింటిని మార్చడు. ఈ నిగ్రహము నాకు పరమప్రీతికరము. తలంబ్రాల దృశ్యము కుదుపులేక తెరపై సాగునప్పుడు చూపరులకు యంత్రమున్నదన్న స్ఫురణయే కలుగదు. పాఠకులారా, మీ యింటి వేడుకను చిత్రించువాడు ఇట్టి పరికరము తెచ్చినచో, అది ఎట్లు నడచునో ఒకమా రడుగుడు. అతడు సంతోషముతో విప్పి చూపును.