పులి మీద ఉన్నది ఎవరు?

పద్మశాలీల కులపురాణాన్ని గుడ్డ మీద బొమ్మల్లో చెప్పే చేర్యాల పటంలో పులినెక్కిన మగమనిషి కనిపిస్తాడు. ఇవాళ దారిన పోయే ఎవరిని ఆపి అడిగినా తడుముకోకుండా అయ్యప్పస్వామి అంటారు. ఆ కథ విన్న పద్మశాలి పెద్దలు మాత్రం భావనారుషి అంటారు: మార్కండేయుడి హోమంలోంచి పుట్టి, తామరతూళ్ల నారతో దేవతలకు బట్టలు నేసిన మూలపురుషుడు. గీత మారలేదు, రంగు మారలేదు, మనిషే మారిపోయాడు. కాబట్టి అర్థమంతా చూసేవాడి బుర్రలోనే ఉంది, బొమ్మ ఉత్త గుడ్డ అని తేల్చేయవచ్చు. చాలామంది అక్కడితో ఆగిపోతారు కూడా. అది సగం జవాబేనని నా అభిప్రాయం.

గుడ్డ ఉత్తదే అయితే ఈ పటాలు గీసే నకాశీలకు అంత చాకిరీ ఎందుకు? ఖద్దరు గుడ్డకు సుద్దమట్టి, గంజి, ఉడికించిన చింతగింజల పిండి, జిగురు కలిపి పూతల మీద పూతలు వేస్తారు. చుట్టి విప్పినా రంగు పెచ్చులూడకూడదు, ఎందుకంటే అది గోడకు తగిలించి వదిలేసే బొమ్మ కాదు. మూడడుగుల వెడల్పు, ఒక్కోసారి నలభై యాభై అడుగుల పొడవు. అడ్డపట్టీలుగా విడగొట్టి, పూలగీతలతో ఒక ఘట్టాన్ని ఇంకో ఘట్టం నుంచి వేరు చేస్తారు. పద్మశాలీలకు కథ చెప్పే కూనపులివారు ఆ పటం ముందు నిలబడి, కొంచెం కొంచెంగా విప్పుతూ, కర్రతో చూపిస్తూ రాత్రుళ్లు కథ నడుపుతారు. మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారిదీ, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగలవారిదీ ఇలాంటి పనే. కథకుడు మాట పెంచవచ్చు, పాట కలపవచ్చు, నవ్వించవచ్చు. కానీ పెళ్లి ఘట్టం విప్పి ఉండగా యుద్ధం చెప్పలేడు. ఎవరు పెద్దగా కనిపించాలి, ఏది ముందు రావాలి అన్నది గుడ్డ మీద తేలిపోయి ఉంది. బుర్రలోని కథకు గుడ్డ కళ్లెం వేస్తోంది. కళ్లెం వేసే వస్తువును ఉత్తదనడం ఎలా?

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. ఆ వరుస పెట్టింది చిత్రకారుడి బుర్ర, ఒప్పుకున్నది కులపెద్దల బుర్ర. ఒక్క బుర్ర బదులు పది బుర్రలు వచ్చాయి, అంతే కదా? నిజమే, పటం ఆకాశం నుంచి ఊడిపడలేదు. అయితే పటం చిరిగి పనికిరాకుండా పోయినప్పుడు ఏం చేస్తారో చూడండి. పాతగుడ్డల్లో పడేయరు. కొత్త పటానికి పూజ చేసి, పాతదాన్ని నీళ్లలో కలిపి సాగనంపుతారు. అర్థం మనసులోనే ఉంటే ఆ సాగనంపడం దండగ. గుడ్డలోనే ఉంటే దాన్ని నీళ్లలో వదలడం ఘోరం. రెండూ కాకపోబట్టే ఆ తంతు సాధ్యమైంది: అర్థానికి నిలవడానికి వస్తువు కావాలి, ఇదే వస్తువు అక్కర్లేదు. కొత్తదానికి అప్పగింత జరిగాకే పాతది సెలవు తీసుకుంటుంది.

మరి డ్రాయింగ్ రూముల్లో ఫ్రేము కట్టిన చిన్న చేర్యాల బొమ్మలకు, గోడకు తగిలించే మాస్కులకు అర్థం లేదా అంటే, ఉంది, ఇంకొకటి. ఆ ఎరుపు, ఆ పెద్ద కళ్లు కథ తెలియనివాడినీ పట్టి ఆపుతాయి. ఈ అమ్మకాల వల్లే నకాశీ కుటుంబాలకు పని దొరుకుతోంది కనుక ముక్కు విరవడానికి నేను సిద్ధంగా లేను. ఇబ్బంది మ్యూజియం గోడ దగ్గర వస్తుంది. జానపద చిత్రం, ఖద్దరు మీద రంగులు అని చీటీ అంటిస్తే అందులో అబద్ధం లేదు. కానీ ఆ పటం ఏ కులానిది, దాన్ని చెప్పేవారెవరు, ఏ ఘట్టం తర్వాత ఏది వస్తుంది అన్నవి ఆ చీటీ మీద ఉండాలి. పక్కనే కూనపులివారి గొంతు రికార్డు చేసి వినిపిస్తే మరీ మంచిది. అవేవీ లేకపోతే పులి మీద అయ్యప్పే ఉంటాడు, అందులో చూసేవాడి తప్పేమీ లేదు.