రెండో లూపు ఎక్కడ దాక్కుంది?

ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లు లూపులో లూపు పెట్టడం చాలాసార్లు ఎక్కాల పట్టికతోనే మొదలుపెడతారు. బయటి లూపు అడ్డ వరుసలకు, లోపలిది నిలువు వరుసలకు. కెనెత్ ఐవర్సన్ 1962లో పుస్తకంగా వెలువరించిన సంకేతాల నుంచి ఏపీఎల్ భాష పుట్టింది. అందులో ఆ పట్టిక మొత్తానికీ ఒక్క చిన్న వాక్యం చాలు. ప్రతి అంకెనూ ప్రతి అంకెతో గుణించమంటే సరి. లూపులను లెక్కపెట్టే ఐ ఎక్కడుందో, జే ఎక్కడుందో మనం చూసుకోనక్కర్లేదు. పైథాన్‌కు 2000లో లూపును ఒక్క వాక్యంలో రాసే లిస్ట్ కాంప్రిహెన్షన్, 2008లో జతలన్నీ కట్టి ఇచ్చే ఇటర్‌టూల్స్ ప్రొడక్ట్ వచ్చాయి. కుడివైపుకి జరిగిజరిగి పోయే కోడ్ వీటితో ఒక్క వరుసలో ఒదుగుతుంది.

నాకు ఇవంటే చాలా ఇష్టం. అయితే వీటివల్ల పని తగ్గదు. వందను వందతో జత కడితే, ఎలా రాసినా జతలు పదివేలే.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. ఒక యూనివర్సిటీలో 20,000 మంది విద్యార్థులున్నారనుకుందాం. ఫీజు కట్టిన 10,000 మంది రోల్ నంబర్లు ఒక లిస్టులో ఉన్నాయి. కట్టనివాళ్లెవరో తేల్చాలి. కాంప్రిహెన్షన్‌లో ఒక్క వాక్యం రాసేస్తాం, కంటికి ఒకే లూపు కనబడుతుంది. రెండోది 'ఇన్' అనే చిన్న మాట వెనక ఉంది. కట్టని ఒక్కొక్కరి కోసం అది లిస్టును చివరిదాకా గాలిస్తుంది. వాళ్లకే 10 కోట్ల పోలికలు. కట్టినవాళ్ల కోసం వెతికేది అదనం.

ఆ లిస్టును ముందుగా సెట్‌గా మార్చండి. పోస్టాఫీసులో ఉత్తరాలను ఊరిని బట్టి గళ్లలో వేసినట్టు, సెట్ ప్రతి నంబరుకూ హ్యాష్ లెక్కగట్టి ఒక చోటు కేటాయిస్తుంది. వెతికేటప్పుడు మామూలుగా నేరుగా ఆ చోటికే వెళుతుంది. సెట్‌లో వేయడానికి 10,000, వెతకడానికి 20,000: మొత్తం సుమారు 30,000 పనులతో తేలిపోతుంది. కోడ్‌లో పెరిగింది ఒక్క వరుస.

అందుకే ఎవరైనా పొట్టి కోడ్ చూపిస్తే, లోపల ఎన్నిసార్లు తిరుగుతోందని అడుగుతాను. ఒకే కాంప్రిహెన్షన్‌లో మూడు ఫర్‌లు, రెండు ఇఫ్‌లు కుక్కితే మాత్రం విప్పి రాయమంటాను. ఉదాహరణకు సుడోకును సరిచూసే కోడ్: గళ్లు 81 మాత్రమే. తప్పు గడి దొరకగానే ఆగిపోవాలంటే అక్కడ రెండు లూపులు బాహాటంగా రాయడమే నాకు నచ్చుతుంది.